ఖాళీ గడి, తెగిన తీగ: జావాస్క్రిప్టులో షరతులూ ఎక్సెప్షన్లూ

శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో, మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా ఇళ్లకు ఇళ్లనే పీడిస్తున్న సంగతి తెలుగు పాఠకులకు కొత్త కాదు. మూలకారణం ఇంకా తేలని ఈ వ్యాధి తొలిదశలో నొప్పిగానీ వాపుగానీ చూపకుండా లోలోపలే ముదురుతుంది గనుక, దాన్ని ముందుగా పట్టుకోవడానికి రక్తపరీక్షే ప్రధానమైన దారిగా మిగిలింది. ఆ పరీక్షలో చూసేది క్రియాటినిన్ అనే పదార్థం. కండరాల పనివల్ల నిత్యం పుట్టే ఈ వ్యర్థాన్ని మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపుతాయి, అవి దెబ్బతింటే అది రక్తంలో పేరుకుపోతుంది. అయితే క్రియాటినిన్ అంకె ఒక్కటే చాలదు. మనిషి వయసునూ, ఆడా మగా అన్నదాన్నీ కలిపి ఒక సూత్రంలో వేస్తే మూత్రపిండాల వడపోత వేగం అంచనాగా వస్తుంది. వైద్యులు దాన్ని ఈ-జీఎఫ్ఆర్ అంటారు. ఈ వేగం మూడు నెలలు, అంతకు పైబడి 60 కంటే తక్కువగా ఉంటే దీర్ఘకాలిక వ్యాధిగా లెక్కిస్తారు.

ఈ లెక్కను ఈనాడు చేత్తో వేసేవారు అరుదు. అందువల్ల తప్పు సమాచారమో, సగం సమాచారమో అందినప్పుడు కంప్యూటరు ఏం చేస్తుందన్న ప్రశ్న ఉద్దానం వంటి చోట ప్రోగ్రామర్ల ముచ్చటగా మిగలక, మనిషి ఆసుపత్రికి వెళ్లాలా ఇంటికి వెళ్లాలా అన్న ప్రశ్నగా మారుతుంది. వేలాది పేర్లు నమోదయ్యే పరీక్షా శిబిరంలో ఒక గడి ఖాళీగా మిగిలిపోవడం, అంకె పక్కన ఎవరో కొలమానం కూడా రాసేయడం, వివరాలు పంపే వేళకు సెల్ సిగ్నల్ పోవడం ఏవీ వింతలు కావు. వీటిని ఎదుర్కోవడానికి ప్రోగ్రామింగు భాషలలో రెండు సాధనాలున్నాయి: ఒకటి షరతు వాక్యం, రెండోది ఎక్సెప్షన్. దేనిని ఎక్కడ వాడాలో తెలుసుకోవడానికి బ్రౌజర్లన్నిటిలోనూ నడిచే జావాస్క్రిప్టు భాష మంచి ఆలంబనం. తప్పులను మౌనంగా మింగేసే గుణం దానిలో హెచ్చుగా ఉన్నందువల్ల రెండింటి మధ్య తేడా అక్కడ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ అధ్యాయంలో చెప్పే నమోదు ఫారం వివరణ కోసం ఊహించుకున్నది, దానిలో జరిగే గణితం మాత్రం అక్షరాలా నిజం.

షరతు వాక్యం అంటే 'ఇఫ్', 'ఎల్స్' అన్న మాటలతో రాసేది. ఒక మాట నిజమో కాదో చూసి, నిజమైతే ఒక దారిన, కాకపోతే మరో దారిన నడవమని యంత్రానికి చెప్పడమే దాని పని. ప్రశ్న అడిగిన చోటే జవాబు, జవాబు తెలిసిన చోటే చర్య. చదివేవారికి రెండు దారులూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఎక్సెప్షన్ నడక వేరు. ఏదో ఒక ఫంక్షన్, అంటే ఒక పనికోసం కట్టిన ఆదేశాల మూట, తాను చేయవలసిన పనిని చేయలేనని తెలుసుకున్నప్పుడు 'త్రో' అన్న ఆదేశంతో ఒక లోపాన్ని పైకి విసురుతుంది. ఆ క్షణంలోనే దాని నడక ఆగిపోతుంది. దాన్ని పిలిచిన ఫంక్షనూ, ఆ ఫంక్షన్ను పిలిచినదీ, ఇలా పిలుపుల వరుస అంతా ఒక్కొక్కటిగా రద్దవుతూ పోయి, ఎక్కడో పైన 'ట్రై' అన్న ఆవరణలో ఈ పనిని ఉంచిన చోటు దొరికినప్పుడు, దానికి జతగా ఉన్న 'క్యాచ్' భాగంలో నడక తిరిగి మొదలవుతుంది. లోపం కనిపించిన చోటుకూ, దానిపై నిర్ణయం తీసుకునే చోటుకూ మధ్య ఎన్ని అంచెలైనా ఉండవచ్చు. ఎక్సెప్షన్ బలమంతా ఈ దూరంలోనే ఉంది. దాని ప్రమాదమూ అక్కడే ఉంది.

ఈ ఆలోచన జావాస్క్రిప్టు కంటే చాలా పాతది. 1960ల నాటి పీఎల్-వన్ భాషలోనే ఫలానా పరిస్థితి తలెత్తితే ఫలానా పని చేయమని ముందుగా చెప్పి ఉంచే వసతి ఉండేది. 1975లో జాన్ గుడినఫ్ రాసిన పరిశోధన పత్రం ఈ విషయాన్ని ఒక క్రమబద్ధమైన శాస్త్రంగా నిలబెట్టింది. ఆ దశకంలోనే బార్బరా లిస్కోవ్ బృందం రూపొందించిన సీఎల్‌యూ భాష దానికి చక్కని ఆచరణ రూపం ఇచ్చింది. ఇంత చరిత్ర వెనక ఉన్నా, 1995 మే నెలలో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజులలో తొలి రూపం దిద్దిన జావాస్క్రిప్టులో లోపాన్ని పట్టుకునే వసతి లేదు. 1997లో వెలువడిన తొలి ప్రమాణంలోనూ లేదు. 1999 డిసెంబరులో వచ్చిన మూడవ ప్రమాణంతోనే ట్రై, క్యాచ్, ఫైనల్లీ, త్రో భాషలో చేరాయి. పట్టుకునే దారి లేని భాషలో ప్రతి చిన్న పొరపాటుకూ కార్యక్రమాన్ని ఆపివేయడం కుదరదు గనుక, ఆ తొలి ఏళ్లలో జావాస్క్రిప్టు మరో దారి పట్టింది: అర్థంకాని దాన్ని ఏదో ఒక విలువగా మార్చుకుని ముందుకు సాగిపోవడం. ఆ పునాది మీద వెబ్ అంతా లేచింది గనుక తరువాత దాన్ని మార్చడం సాధ్యపడలేదు. కింద చెప్పబోయే చిక్కులకు వేరు ఇక్కడుంది.

సోంపేట మండలంలోని ఒక గ్రామంలో 45 ఏళ్ల మహిళకు పరీక్ష చేయగా క్రియాటినిన్ డెసిలీటరుకు 1.4 మిల్లీగ్రాములు వచ్చిందనుకోవాలి. 2021లో సవరించిన సీకేడీ-ఎపీ సూత్రం ప్రకారం మహిళలకు ఈ అంకెను 0.7తో భాగించాలి, అది ఒకటి కంటే ఎక్కువైతే ఆ ఫలితాన్ని మైనస్ 1.2 ఘాతానికి ఎత్తాలి, దాన్ని 142తో గుణించాలి, వయసు పెరిగేకొద్దీ తగ్గేందుకు 0.9938ను వయసు ఘాతానికి ఎత్తి దానితో గుణించాలి, మహిళ గనుక చివర 1.012తో గుణించాలి. అలా లెక్కిస్తే జవాబు 47 దాకా వస్తుంది. ఇది 60కి బాగా దిగువన ఉన్న అంకె. ఆమెకు మళ్లీ పరీక్ష చేయాలి, వైద్యుడు చూడాలి. ఈ సూత్రం భారతీయుల శరీరతత్వానికి ఎంత సరిపోతుందన్నది వైద్యులు చర్చించే వేరే విషయం, ఇక్కడ చూడవలసింది లెక్క నడిచే తీరు.

ఇప్పుడు నమోదు చేసే వ్యక్తి క్రియాటినిన్ గడిని ఖాళీగా వదిలేశాడనుకోవాలి. బ్రౌజరు ఫారంలో గడి ఇచ్చే విలువ ఎప్పుడూ అక్షరాల వరుసే. దాన్ని అంకెగా మార్చడానికి జావాస్క్రిప్టులో 'నంబర్' అనే ఫంక్షన్ ఉంది. ఖాళీ అక్షరాల వరుసను దానికి ఇస్తే అది ఫిర్యాదు చేయదు, సున్నా ఇస్తుంది. రక్తంలో క్రియాటినిన్ సున్నా ఉన్న మనిషి భూమ్మీద ఉండరు, కానీ ఆ సంగతి భాషకు తెలియదు. ఒకటి కంటే తక్కువైన అంకెకూ ఈ సూత్రంలో ఘాతం రుణమే, సున్నాను రుణ ఘాతానికి ఎత్తడమంటే సున్నాతో భాగించడమే. చాలా భాషలు పూర్ణాంకాల విషయంలో అలాంటి చోట ఎక్సెప్షన్ విసురుతాయి, జావాస్క్రిప్టు మాత్రం 'ఇన్ఫినిటీ', అంటే అనంతం, అన్న విలువను నిశ్శబ్దంగా అందిస్తుంది. అనంతం 60 కంటే పెద్దది. కనుక పరీక్షే పూర్తికాని మనిషి మూత్రపిండాలు దివ్యంగా పనిచేస్తున్నాయని తేలుతుంది.

గడి ఖాళీగా లేక, దానిలో 1.4 పక్కన ఎం.జి. అని కూడా రాసి ఉంటే 'నంబర్' ఫంక్షన్ 'నాన్' అనే విచిత్రమైన విలువను ఇస్తుంది. అంకె కానిది అన్నదాన్ని సూచించే ఈ విలువ 1985 నాటి ఐ-ట్రిపుల్-ఈ 754 ప్రమాణం నుంచి వచ్చింది. తెలుగు అంకెలతో ౧.౪ అని రాసినా వచ్చేది ఇదే. నాన్‌తో చేసిన దాదాపు ఏ లెక్కకైనా జవాబు నాన్. నాన్‌ను దేనితో పోల్చి చిన్నదా అన్నా, పెద్దదా అన్నా, చివరికి తనతో తాను సమానమా అన్నా జవాబు 'కాదు'. ఇక్కడ షరతు వాక్యం రాసిన దిశ కీలకమవుతుంది. వడపోత వేగం 60 కంటే తక్కువైతే ఆసుపత్రికి పంపు, లేకపోతే ఆరోగ్యవంతుల జాబితాలో వేయి అని రాస్తే, నాన్ వచ్చిన మనిషి ఆరోగ్యవంతుల జాబితాలో చేరిపోతాడు. అదే షరతును తిరగేసి, వేగం 60 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఆరోగ్యవంతుల జాబితాలో వేయి, లేకపోతే ఆసుపత్రికి పంపు అని రాస్తే, అదే మనిషి ఆసుపత్రికి వెళతాడు. పాఠశాల గణితంలో ఈ రెండు వాక్యాలూ ఒకటే. జావాస్క్రిప్టులో ఒక మనిషి గతి వాటి మధ్య మారిపోతుంది. షరతు వాక్యం రాసే ప్రతివారూ 'లేకపోతే' అన్న దారిలోకి ఎవరెవరు వచ్చి చేరతారో ఆలోచించవలసి ఉంటుంది, ఎందుకంటే తెలియనివన్నీ చేరేది అక్కడికే.

అనంతమూ నాన్ ఎంత చెడ్డవైనా తెరమీద వింతగా కనిపిస్తాయి, చూసినవారికి అనుమానం వస్తుంది. వీటికంటే హానికరమైనది వయసు గడి ఖాళీగా ఉండటం. పై మహిళ క్రియాటినిన్ సరిగానే నమోదై, వయసు మాత్రం రాయకపోతే 'నంబర్' ఫంక్షన్ దాన్నీ సున్నా చేస్తుంది, 0.9938ను సున్నా ఘాతానికి ఎత్తితే ఒకటి వస్తుంది; అంటే ఆమెను అప్పుడే పుట్టిన శిశువుగా భావించి సూత్రం నడుస్తుంది. జవాబు 47కు బదులు 62.6 వస్తుంది. అది ఏ కోణంలో చూసినా సహజంగా కనిపించే అంకె, 60కి కాస్త పైన ఉన్న అంకె, ఎవరూ రెండోసారి చూడని అంకె. వ్యాధి ఉన్న మనిషి ఇంటికి వెళ్లిపోతుంది, యంత్రం ఎక్కడా ఆగలేదు, ఎర్ర అక్షరాలేవీ రాలేదు, ఏ ఎక్సెప్షనూ లేవలేదు. ఎక్సెప్షన్లు కార్యక్రమాన్ని ఆపివేస్తాయి గనుక అవి చెడ్డవని కొత్తగా నేర్చుకునేవారు తలచడం కద్దు. ఆగవలసిన చోట ఆగని లెక్క ఎంత నష్టం చేయగలదో ఈ ఒక్క ఖాళీ గడి చూపుతుంది.

దీనికి మొదటి విరుగుడు షరతు వాక్యమే. గడి నింపుతున్న వ్యక్తి తెర ముందే ఉన్నాడు, పరీక్ష చేయించుకున్న మనిషీ ఎదురుగానే ఉంది, తప్పు దొరికితే అక్కడికక్కడ అడిగి దిద్దుకోవచ్చు. కనుక గడి ఖాళీగా ఉందా, అందులో ఉన్నది నిజమైన అంకేనా, అది మనుషులకు ఉండగల హద్దులలో ఉందా అన్న ప్రశ్నలు ఇఫ్ వాక్యాలుగా ఫారం దగ్గరే ఉండాలి. అంకె నిజంగా పరిమితమైన అంకేనా అని చూడటానికి 2015 ప్రమాణంలో 'నంబర్ డాట్ ఈజ్‌ఫైనైట్' అన్న పరీక్ష చేరింది. అది నాన్‌నూ అనంతాన్నీ రెండింటినీ తిరస్కరిస్తుంది, కాని ఖాళీ గడి సున్నాగా మారిపోయాక దాన్ని ఆపలేదు. అందుకే ఖాళీనా అన్న ప్రశ్న, అంకెగా మార్చడానికి ముందే అడగాలి. కొలమానాల తికమకను పట్టుకునేదీ హద్దుల పరీక్షే: కొన్ని ప్రయోగశాలలు క్రియాటినిన్‌ను లీటరుకు మైక్రోమోల్‌లలో చెబుతాయి, ఒక మిల్లీగ్రాము అక్కడ 88.4 అవుతుంది గనుక, మన 1.4 అక్కడ 124 దాకా కనిపిస్తుంది. ఇవన్నీ జరుగుతాయని ముందే తెలిసినవి. మనిషి గడి మరచిపోవడం ఫారం జీవితంలో మామూలు ఘటన, దానికి ఎక్సెప్షన్ విసరడం అనవసరమైన ఆర్భాటం.

అయితే వడపోత వేగాన్ని లెక్కించే ఫంక్షన్ సంగతి వేరు. అది ఫారం నుంచి ఎన్నో అంచెల లోపల ఉంటుంది. ఇవాళ ఫారం దాన్ని పిలుస్తుంది, రేపు పాత రికార్డుల దస్త్రాన్ని చదివే మరో కార్యక్రమం పిలుస్తుంది, ఆ రెండో కార్యక్రమంలో ఎవరూ గడులు సరిచూసి ఉండకపోవచ్చు. వయసు సున్నాగా అందినప్పుడు ఈ ఫంక్షన్ ఏం తిరిగి ఇవ్వాలి? విలువ లేదని చెప్పడానికి జావాస్క్రిప్టులో 'నల్', 'అన్‌డిఫైన్డ్' అని రెండు గుర్తులున్నాయి. నల్ తిరిగి ఇస్తే, దాన్ని 60తో పోల్చేటప్పుడు భాష దాన్ని సున్నాగా మార్చుకుంటుంది, సున్నా 60 కంటే తక్కువ గనుక మనిషి మూత్రపిండాలు పూర్తిగా ఆగిపోయినట్టు తేలుతుంది. అన్‌డిఫైన్డ్ తిరిగి ఇస్తే అది నాన్‌గా మారి, పైన చెప్పినట్టు మనిషి ఆరోగ్యవంతుల జాబితాలో పడుతుంది. మైనస్ ఒకటి తిరిగి ఇచ్చి దాన్ని లోపానికి గుర్తుగా భావించడం సీ భాష నాటి పాత పద్ధతి. అదీ 60 కంటే తక్కువే. తిరిగి ఇచ్చిన గుర్తును పిలిచినవారు తప్పక పరిశీలిస్తారన్న నమ్మకం మీదే ఈ పద్ధతులన్నీ నిలబడ్డాయి, పరిశీలించమని బలవంతపెట్టే శక్తి మాత్రం వేటికీ లేదు. గో భాష లోపాన్ని మరో ఫలితంగా పక్కనే చేర్చి ఇస్తుంది, రస్ట్ భాషలో లోపాన్ని చూడకుండా ఫలితాన్ని అందుకోవడమే కుదరదు. జావాస్క్రిప్టులో అంతటి క్రమశిక్షణ భాష నుంచి రాదు గనుక, ఇక్కడ సరైన పని 'రేంజ్ ఎర్రర్' అనే లోపాన్ని విసరడం. హద్దులు దాటిన విలువ అని అర్థమిచ్చే ఈ లోపం భాషలోనే ఉంది. విసిరిన లోపాన్ని ఎవరూ పట్టుకోకపోతే లెక్క ఆగుతుంది, ఆగిన సంగతి తెలుస్తుంది, అబద్ధపు అంకె మాత్రం పుట్టదు.

విసిరే చోటు తేలాక, పట్టుకునే చోటు తేలాలి. పాత రికార్డుల దస్త్రంలో వరుసగా వేల పేర్లున్నాయనుకుంటే, ఆ వరుసను తిప్పే చక్రమంతటినీ ఒకే ట్రై ఆవరణలో పెట్టడం మొదట తోచే ఆలోచన. అలా చేస్తే వందో పేరు దగ్గర వయసు లేకపోయినప్పుడు నడక ఒక్కసారిగా ఆవరణ బయటికి వచ్చేస్తుంది. నూట ఒకటో పేరు నుంచి చివరిదాకా ఎవరికీ లెక్క జరగదు. ట్రై ఆవరణను చక్రం లోపల, ఒక్కొక్క పేరుకు విడిగా పెడితే, దొరకని వివరాలున్న పేరు మళ్లీ వెళ్లి అడగవలసినవారి జాబితాలో చేరుతుంది, మిగిలినవారి లెక్క సాగిపోతుంది. ఆ నిర్ణయం తీసుకోగల స్థానం అదే: లెక్కించే ఫంక్షన్‌కు ఆ మనిషి ఎవరో తెలియదు, దస్త్రం మొత్తాన్ని తెరిచిన పై అంచెకు ఏ ఒక్కరి వివరమూ తెలియదు, ఒక పేరును చేతిలోకి తీసుకున్న అంచెకు మాత్రమే ఆ మనిషి ఏ ఊరిలో ఉందో, ఆమె వద్దకు ఎవరిని పంపాలో తెలుసు. దస్త్రం మూసివేయడం వంటి, ఏది జరిగినా తప్పనిసరిగా చేయవలసిన పనులను 'ఫైనల్లీ' అన్న మూడో భాగంలో రాస్తారు, లోపం వచ్చినా రాకపోయినా అది నడుస్తుంది.

క్యాచ్ విషయంలో జావాస్క్రిప్టుకు ఒక బలహీనత ఉంది. జావా వంటి భాషలలో ఫలానా రకం లోపాన్నే పట్టుకుంటానని క్యాచ్ ముందే చెప్పగలదు. జావాస్క్రిప్టు ప్రమాణంలో క్యాచ్‌కు ఆ ఎంపిక లేదు, ఏది వచ్చినా పట్టుకుంటుంది. వయసు హద్దు దాటిందన్న రేంజ్ ఎర్రర్‌నూ, ప్రోగ్రామరు ఒక చలరాశి పేరులో అక్షరం తప్పు రాసినందువల్ల వచ్చిన రెఫరెన్స్ ఎర్రర్‌నూ అది ఒకే తీరున అందుకుంటుంది. రెండింటినీ వివరాలు లేని పేరుగానే లెక్కేస్తే, ప్రోగ్రామరు చేసిన తప్పుకు ఉద్దానంలోని ప్రతి మనిషీ వివరాలు ఇవ్వనివారుగా ముద్ర పడతారు, దోషం మాత్రం బయటపడదు. కనుక క్యాచ్ లోపలికి రాగానే, వచ్చినది తనకు తెలిసిన రకమేనా అని ఇఫ్ వాక్యంతో అడిగి, కానిదైతే మళ్లీ పైకి విసరవలసి ఉంటుంది. పైకి పంపేటప్పుడు కొత్త లోపానికి మూల లోపాన్ని కారణంగా జతచేసే వసతి 2022 ప్రమాణంతో వచ్చింది. షరతులూ ఎక్సెప్షన్లూ పోటీదారులన్న భావన ఇక్కడే సడలిపోతుంది: క్యాచ్ ఎంత చక్కగా పనిచేసినా అందులో షరతు లేకుండా సరైన తీర్పు రాదు. ఇక క్యాచ్ భాగాన్ని ఖాళీగా వదిలేయడం, అంటే వచ్చిన లోపాన్ని ఏమీ చేయకుండా పారేయడం, జావాస్క్రిప్టుకు 1999 దాకా ఉన్న మౌనాన్ని ఏరికోరి మళ్లీ తెచ్చుకోవడమే అవుతుంది.

ముందు తెలిసినవాటికి షరతు, తెలియనివాటికి ఎక్సెప్షన్ అని పాఠ్యపుస్తకాలు చెప్పే సూత్రం ఇంతవరకూ సరిపోతుంది, కానీ ఒక చోట అది తప్పుదోవ పట్టిస్తుంది. నెట్‌వర్కు తెగిపోవడం ఉద్దానంలో ఊహించనిదేమీ కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలులతో పలాస సమీపంలోనే తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడిమామిడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ సెల్ సేవలూ కూలిపోయాయి. అంతకు ముందు 2013లో ఫైలిన్ ఇదే తీరాన్ని ఊపింది. తుపాను లేని రోజున కూడా తీర గ్రామాలలో సిగ్నల్ ఒక ఇంట ఉండి మరో ఇంట ఉండకపోవచ్చు. ఇంత బాగా ఊహించగలిగిన దానికి షరతు వాక్యం చాలదా? చాలదు, కారణం కాలంలో ఉంది. నెట్‌వర్కు ఉందా అని ఇఫ్ వాక్యం అడిగిన క్షణానికీ, వివరాలు నిజంగా బయలుదేరే క్షణానికీ మధ్య అది పోవచ్చు. పైగా బ్రౌజరు 'ఆన్‌లైన్' అని చెప్పేది తన పక్కనున్న తీగో రేడియోనో పలికిందనే గాని, దూరంలోని సర్వరు చేరువలో ఉందని కాదు. అడిగి తెలుసుకున్న జవాబు వాడేలోగా మారిపోయే ప్రతిచోటా ముందుగా పరీక్షించడం భరోసా ఇవ్వదు. పనిని మొదలుపెట్టి చూడటం, కుదరకపోతే పట్టుకోవడం తప్ప మరో దారి లేదు. ఇలాంటిదే మరొకటి, సర్వరు నుంచి వచ్చిన అక్షరాల వరుసను వివరాలుగా విప్పే 'జేసన్ పార్స్' పని: ఆ వరుస సరైన వ్యాకరణంలో ఉందో లేదో తెలుసుకోవాలంటే దాన్ని మొత్తం విప్పి చూడటమే మార్గం గనుక, ముందు పరీక్షించి తరువాత విప్పడమంటే ఒకే పనిని రెండుసార్లు చేయడం.

వివరాలు పంపడానికి జావాస్క్రిప్టులో వాడే 'ఫెచ్' ఈ విషయంలో చాలామందిని తికమక పెడుతుంది. సర్వరును చేరలేకపోతే అది లోపంగా తిరస్కరిస్తుంది, క్యాచ్ దాన్ని అందుకుంటుంది. కాని సర్వరును చేరి, అటునుంచి చిరునామా దొరకలేదన్న 404 గానీ, లోపల ఏదో చెడిందన్న 500 గానీ వస్తే ఫెచ్ దృష్టిలో పని జరిగినట్టే. అడిగింది, జవాబు వచ్చింది. ఆ జవాబు మంచిదా కాదా అన్నది 'ఓకే' అనే గుర్తును చూసి ఇఫ్ వాక్యంతో తెలుసుకోవాలి. ఒకే వరుసలో రెండు సాధనాలూ కావలసి రావడం మొదట విసుగనిపించినా, విభజన న్యాయమైనది: తెగిన తీగ గురించి చెప్పడానికి అవతల ఎవరూ లేరు, 404 అని చెప్పినవారు అవతల ఉన్నారు. పని కొంతసేపటికి పూర్తయ్యే ఇలాంటి చోట 'అవెయిట్' అన్న మాట ముందు లేకపోతే, ట్రై ఆవరణలోంచి నడక ముందుకు వెళ్లిపోయాక లోపం పుడుతుంది, పట్టుకునేవారు ఉండరు. జావాస్క్రిప్టును సర్వరులో నడిపే నోడ్‌లో, 2020లో వచ్చిన 15వ రూపాంతరం నుంచి అలా ఎవరూ పట్టుకోని తిరస్కారం సర్వరు కార్యక్రమాన్నే ఆపివేస్తుంది. ఎక్సెప్షన్లు నెమ్మదివన్న పాత ఫిర్యాదు మాత్రం ఇప్పుడు పెద్దగా నిలవదు. క్రోమ్ బ్రౌజరులోని వీ8 యంత్రం 2017 వరకూ ట్రై ఉన్న ఫంక్షన్లను వేగపరచలేకపోయేది, ఆ లోటు అప్పుడే తీరింది.

పట్టుకోవడం ఒక్కటే చాలదనీ, పట్టుకున్నాక చేసే పని ముఖ్యమనీ లోకానికి ఘాటుగా తెలిసింది 1996 జూన్ 4న. ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి ఎగిరిన ఏరియన్ 5 తొలి రాకెట్టు, ప్రధాన ఇంజను వెలిగిన 37 సెకన్ల ప్రాంతంలో దిశను కొలిచే కంప్యూటరులో లోపం వచ్చి, దారి తప్పి ముక్కలైంది. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చే చోట, విలువ 32,767ను దాటిపోయింది. అలాంటి ప్రమాదం ఉన్న చలరాశులు ఏడని ఇంజనీర్లకు ముందే తెలుసు. కంప్యూటరు మీద భారం 80 శాతం మించకూడదన్న నియమం వల్ల నాలుగింటికే రక్షణ రాసి, మిగిలిన మూడూ ఎన్నటికీ అంత పెరగవని నమ్మారు. ఆ నమ్మకం ఏరియన్ 4 పథానికి నిజం, ఏరియన్ 5 పథానికి కాదు. ఎక్సెప్షన్ లేచింది, యంత్రం దాన్ని గమనించింది కూడా. అయితే ఎక్సెప్షన్ లేచిందంటే పరికరం చెడిందనే అర్థం చేసుకుని కంప్యూటరును ఆపివేయాలన్నది నియమం. పక్కనున్న బదులు కంప్యూటరూ అదే ప్రోగ్రాముతో నడుస్తున్నందున అదీ ఆగింది. హద్దు దాటిన ఆ లెక్క, రాకెట్టు నేల విడిచాక ఎవరికీ అక్కరలేని లెక్క కావడం మరింత బాధాకరం.

మామూలు ఘటనను లోపంగా భావించి తలుపు మూసేసే ఈ ధోరణికి పలాసలో మరో రూపం కనిపిస్తుంది. పలాస-కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమలో పిక్కలు కొట్టి పప్పు తీసే మహిళల చేతులకు జీడిపెంకులోని ద్రవం అంటుతుంది. అనకార్డిక్ ఆమ్లమూ కార్డాల్ అనే పదార్థమూ ఉన్న ఆ జీడి చర్మాన్ని కాల్చి, బొబ్బలు తెచ్చి, పొరలు ఊడదీస్తుంది. వేలిముద్ర గీతలు నిలిచేది చర్మం మీదే. 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ రేషన్ డిపోలలో ఈ-పోస్ యంత్రాలు వచ్చాక, బియ్యం తీసుకోవడానికి వేలు పెట్టాలి. జీడి పిక్కలు కొట్టిన వేలు, వలలు లాగిన వేలు, వయసుతో అరిగిన వేలు ఆ గాజు మీద ముద్ర పడకపోవడం ఇక్కడ జరగక మానని విషయం. ఆధార్ ధ్రువీకరణను రూపొందించినవారు సాంకేతికంగా సరైన దారే పట్టారు: సర్వరు ఇచ్చే జవాబులో అవుననడానికి 'వై', కాదనడానికి 'ఎన్' అన్న గుర్తు ఉంటుంది, కాదన్నప్పుడు కారణాన్ని తెలిపే అంకె జతగా వస్తుంది, వేలిముద్ర సరిపోలలేదన్న దానికి ఆ అంకె 300. వేలిముద్రల పోలిక సంభావ్యత మీద నడిచే లెక్క గనుక, సొంత వేలికే కొన్నిసార్లు కాదన్న జవాబు రావడం దాని స్వభావంలో భాగమని వారికి తెలుసు. అందుకే 300 ఒక లోపం కాదు, ఒక ఫలితం. సర్వరు దొరక్కపోవడం లోపం.

కాదన్న జవాబు వచ్చాక డిపోలో ఏం జరగాలన్నది ఆ పై అంచె ప్రశ్న. 2016 ఆధార్ చట్టం ఏడవ సెక్షను, సంఖ్య ఇంకా రానివారికి ప్రత్యామ్నాయ గుర్తింపుతో సాయం అందాలన్నది. ధ్రువీకరణ విఫలమైనవారిని తిప్పి పంపవద్దని 2017 అక్టోబరులో ఆధార్ సంస్థ రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. ఆంధ్రప్రదేశ్‌లో వేలిముద్ర పడనివారికి గ్రామ రెవెన్యూ అధికారి తన ముద్రతో ధ్రువీకరించే ఏర్పాటు వచ్చింది. ప్రోగ్రామరు కళ్లతో చూస్తే ఇది పైనున్న అంచెలో పట్టుకునే క్యాచ్ వంటిది. రెవెన్యూ అధికారి ఊళ్లో ఉన్నప్పుడే అది పనిచేస్తుంది, ఆయన వచ్చేదాకా ఆ మహిళ ఒక పూట కూలి పోగొట్టుకుని కూర్చోవాలి. ప్రతి నెలా, అదే డిపోలో, అదే మనిషికి ఎదురయ్యే ఘటన నిర్ణయం కోసం పై అంచెకు వెళ్లనవసరం లేదు: మరో వేలు, కంటిపాప, ఫోనుకు వచ్చే ఓటీపీ, అవేవీ కుదరకపోతే కార్డు చూసి పేరు రాసుకుని బియ్యం ఇచ్చే పుస్తకం, ఇవన్నీ 300 అన్న అంకె పక్కనే, డిపో యంత్రంలోనే, ఒకదాని వెంట ఒకటిగా ఎల్స్ ఇఫ్ దారులుగా ఉండదగినవి. పై అంచెకు వెళ్లవలసినది సర్వరు పలకని రోజు మాత్రమే, ఆ రోజున కూడా బియ్యం డిపోలోనే ఉంటాయి గనుక, యంత్రం పేర్లను తనలో దాచుకుని సిగ్నల్ వచ్చాక పంపేలా క్యాచ్ భాగాన్ని రాయడానికి సాంకేతికమైన అడ్డు ఏదీ లేదు.